ఆరోగ్య బీమాను చట్టం తప్పనిసరి చేయవచ్చా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరోగ్య బీమా తీసుకోవడం ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయమా, లేక ప్రభుత్వం చట్టం చేసి తీసుకోమని చెప్పవలసిన విషయమా అన్న చర్చ ఎక్కడ మొదలైనా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని ఒకచోట చేర్చి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా ఇక్కడ ఇస్తున్నాం. మా అభిప్రాయాన్ని దాచుకోవడం లేదు. తప్పనిసరి చేయడం న్యాయమేనని మేం నమ్ముతున్నాం. అయితే ఆ చట్టం పౌరుడి మీద బాధ్యత మోపే ముందే ప్రభుత్వం మీదా, బీమా కంపెనీల మీదా అంతకంటే బరువైన బాధ్యత పెట్టి ఉండాలి.

## సూత్రం దగ్గర వచ్చే సందేహాలు

తప్పనిసరి ఆరోగ్య బీమా అంటే ప్రభుత్వమే బీమా ఇస్తుందనా?

అలా ఉండాలనేమీ లేదు. స్విట్జర్లాండ్‌లో 1996 నుంచీ, నెదర్లాండ్స్‌లో 2006 నుంచీ ప్రతి నివాసీ తనకు నచ్చిన బీమా సంస్థ నుంచి ప్రాథమిక పాలసీ కొనుక్కోవాలని చట్టం చెబుతోంది. జర్మనీ 1883లోనే కార్మికులకు అనారోగ్య బీమాను తప్పనిసరి చేసింది. ఆ రోజుల్లో చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని కట్టేవారు. తైవాన్ 1995లో ఒకే ప్రభుత్వ సంస్థ నడిపే బీమాలో అందరినీ చేర్చింది. బ్రిటన్‌లో 1948 నుంచి వైద్యం ప్రధానంగా పన్నుల డబ్బుతో నడుస్తోంది కనుక అక్కడ ఎవరూ విడిగా బీమా కొనవలసిన పని లేదు. జనం ఎక్కువగా వాదించుకునేది మొదటి రకం గురించి, అంటే పౌరుడు సొంత డబ్బుతో కంపెనీ దగ్గర పాలసీ కొనాలన్న నిబంధన గురించి.

నాకు ఏ జబ్బూ లేదు. వేరేవాళ్ల వైద్యానికి నేనెందుకు కట్టాలి?

ఆరోగ్యంగా ఉండటం చాలావరకు మన చేతిలో లేని విషయం కాబట్టి. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు, రోడ్డు ప్రమాదం, క్యాన్సర్ గడ్డ ముందుగా చెప్పి రావు. ఈ రోజు మీరు కట్టే ప్రీమియంలో కొంత భాగం ఇప్పుడు జబ్బుపడినవారికి వెళ్తుంది, మీరు జబ్బుపడిన రోజున ఇతరులు కట్టినది మీకు వస్తుంది. పాతికేళ్ల వయసులో ఇది నష్టంగా కనిపించవచ్చు. అరవై ఏళ్లు దాటాక అదే మనిషికి తాను కట్టే దానికంటే తనకయ్యే ఖర్చే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. బీమా లేని మనిషి ప్రాణాపాయంలో అత్యవసర విభాగానికి వస్తే ఏ నాగరిక సమాజమూ అతన్ని గుమ్మం దగ్గర వదిలేయదు. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రుల అత్యవసర విభాగాలు రోగి దగ్గర డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పేలా చికిత్స చేయాలి. ఆ ఖర్చు రోగి కట్టలేకపోతే ఆసుపత్రి మీదో, పన్నుల మీదో, ఇతరుల బిల్లుల మీదో పడుతుంది. బీమా తీసుకోనని చెప్పే స్వేచ్ఛకు అయ్యే మూల్యంలో కొంత ఇతరులు చెల్లిస్తున్నారన్నమాట.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొందరు చేరకపోతే నిజంగా అంత నష్టమా?

లెక్క వేసి చూద్దాం. ఒక పథకంలో 100 మంది ఉన్నారనీ, అందులో 10 మంది తీవ్రమైన జబ్బులున్నవారనీ అనుకోండి. ఒక్కొక్కరికి ఏడాదికి 82,000 ఖర్చు. మిగతా 90 మందికి తలా 2,000 మాత్రమే. మొత్తం 10 లక్షలు కనుక సగటు ప్రీమియం 10,000. రెండు వేల ఖర్చుకు పది వేలెందుకని ఆరోగ్యవంతుల్లో సగం మంది మానేస్తే 55 మంది మిగులుతారు, ఖర్చు 9 లక్షల 10 వేలు, ప్రీమియం పదహారున్నర వేలు దాటుతుంది. ఆ పెంపు చూసి మరో 30 మంది వెళ్లిపోతే మిగిలిన 25 మంది తలా 34,000 కట్టాలి. ఎవరికి బీమా అత్యవసరమో వారే చివరికి దాన్ని కొనలేని స్థితికి చేరతారు.

ఇది కాగితం మీది భయం మాత్రమే కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 1993లో చేసిన చట్టంలో కంపెనీలు ఎవరినీ తిరస్కరించరాదన్న నియమంతో పాటు, అందరూ చేరాలన్న నియమం కూడా ఉంది. 1995లో రెండోదాన్ని తీసేసి మొదటిదాన్ని మాత్రం చాలావరకు ఉంచారు. జబ్బు వచ్చాకే చేరవచ్చని జనం గ్రహించారు, ప్రీమియంలు పెరిగాయి, 1999 నాటికి చాలా కౌంటీలలో (మన జిల్లాల వంటివి) కొత్తగా వ్యక్తిగత పాలసీ అమ్మే కంపెనీ మిగల్లేదు. మరుసటి ఏడాది చట్టసభ నియమాలను మళ్లీ సవరించవలసి వచ్చింది.

బండికి బీమా తప్పనిసరి కదా, ఇదీ అలాంటిదే కదా?

పూర్తిగా కాదు, ఈ పోలికను సమర్థకులు కూడా జాగ్రత్తగా వాడాలి. వాహన బీమాలో చట్టం కోరేది మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి పూచీ. పైగా బండి కొనకపోతే ఆ బీమా అక్కర్లేదు. ఆరోగ్య బీమా మీ సొంత శరీరానికి సంబంధించినది, దాన్నుంచి తప్పుకునే దారి లేదు. బతికి ఉన్నందుకే ఒకటి కొనమనడం పెద్ద కోరిక. అందుకే ఇక్కడ ప్రభుత్వం చూపవలసిన కారణం మరింత గట్టిగా ఉండాలి.

నా శరీరం, నా డబ్బు. కొనమని బలవంతం చేసే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం బీమా తీసుకోనివారికి జరిమానా పెట్టినప్పుడు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది ఇదే వాదన. 2012 జూన్ 28న వచ్చిన తీర్పులో న్యాయమూర్తులు 5–4గా చీలిపోయారు. వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద ప్రభుత్వం ఎవరినీ ఒక వస్తువు కొనమని శాసించలేదని అధిక సంఖ్యాకులు అంగీకరించారు. అయితే ఆ జరిమానాను పన్నుగా చూడవచ్చు కనుక, పన్ను వేసే అధికారం కింద చట్టం చెల్లుతుందని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు.

న్యాయం మాట అలా ఉంచితే నీతి మాట: వైద్యం కోసం పన్ను కట్టమనడాన్ని ఒప్పుకునేవారు అదే అవసరానికి ప్రీమియం కట్టమనడాన్ని మాత్రం దౌర్జన్యం అనడం కష్టం. రెండింటిలోనూ డబ్బు మనదే, బలవంతమూ ఉంది. ఒకదానిలో మాత్రం ఏ సంస్థ దగ్గర తీసుకోవాలో ఎంచుకునే వీలు మిగులుతుంది. ఏ రూపంలోనైనా బలవంతం వద్దనేవారి వాదన లోపల పొందిక ఉంది. కాకపోతే బీమా లేక, డబ్బూ లేక ఆసుపత్రి మెట్లెక్కిన మనిషిని ఏం చేయాలో వారు కూడా చెప్పవలసి ఉంటుంది.

పన్నులతో ప్రభుత్వమే వైద్యం చేయిస్తే ఈ గొడవే ఉండదు కదా?

ఉండదు. పన్నులు సక్రమంగా వసూలయ్యే చోట, ప్రభుత్వ ఆసుపత్రులు బాగా నడిచే చోట అదే సులువైన దారి. చేరారా లేదా అని ఎవరినీ వెతకనక్కర్లేదు, జరిమానాలు అక్కర్లేదు, పేదవాడికి వేరే సబ్సిడీ దరఖాస్తు అక్కర్లేదు. దానికున్న చిక్కు, వైద్యానికి కేటాయించే డబ్బు ఏటా బడ్జెట్‌లో మిగతా ఖర్చులతో పోటీ పడాలి. నిధులు తగ్గితే ఆ కోత చికిత్స కోసం ఎదురుచూసే వరుసల రూపంలో కనిపిస్తుంది.

## చట్టం రాసేటప్పుడు వచ్చే సందేహాలు

కట్టే స్తోమత లేనివాళ్ల సంగతేమిటి?

ఈ చర్చ అంతటికీ గుండెకాయ ఈ ప్రశ్నే. కొనలేనివాడిని కొనమని, కొనలేదని జరిమానా వేస్తే అది పేదరికానికి శిక్ష అవుతుంది. కనుక సబ్సిడీ లేకుండా తప్పనిసరి నిబంధన పెట్టడాన్ని మేం ఏ పరిస్థితిలోనూ సమర్థించం.

సబ్సిడీని దేశాలు రకరకాలుగా ఇస్తున్నాయి. నెదర్లాండ్స్‌లో 18 ఏళ్ల లోపు పిల్లలకు ప్రీమియం లేదు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది. స్విట్జర్లాండ్‌లో ప్రీమియం ఆదాయాన్ని బట్టి మారదు, కాబట్టి కాంటన్ (అక్కడి రాష్ట్రం) ప్రభుత్వాలు తక్కువ ఆదాయం ఉన్నవారికి కొంత భరిస్తాయి. అయినా అక్కడి మధ్యతరగతి కుటుంబాల మీద భారం పెరుగుతూనే ఉంది. ప్రీమియం ఆదాయంలో 10 శాతం మించకూడదన్న ప్రతిపాదన 2024 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చి ఓడిపోయింది. అమెరికా చట్టం ఇంకో పద్ధతి పట్టింది: దొరికే అతి చవక పాలసీ కూడా ఆదాయంలో సుమారు 8 శాతం దాటితే, జరిమానా అమల్లో ఉన్న రోజుల్లో ఆ కుటుంబానికి అది వర్తించేది కాదు.

చట్టం ముసాయిదా చదివేటప్పుడు సబ్సిడీ ఎంత అన్నదాని కంటే అది ఎప్పుడు చేతికి వస్తుందన్నది ముందు చూడాలి. ముందు మీరు కట్టండి, ఏడాది చివర్లో తిరిగి ఇస్తామనే సబ్సిడీ, నెల గడవడమే కష్టంగా ఉన్న కుటుంబానికి లేనట్టే లెక్క. ప్రీమియం బిల్లులోనే తగ్గింపు కనిపించాలి. ఆదాయం మధ్యలో పడిపోతే తగ్గింపు అదే నెలలో పెరగాలి. దరఖాస్తు కోసం పని మానుకుని కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తే, ఆ పోయిన కూలి కూడా ప్రీమియం కిందే జమ.

రోజు కూలీకి, చిన్న వ్యాపారికి జీతం చీటీ ఉండదు. వాళ్ల దగ్గర ప్రీమియం ఎలా వసూలు చేస్తారు?

ఇక్కడే చాలా చట్టాలు కాగితం మీద ఆగిపోతాయి. జీతగాడి దగ్గర యజమాని ద్వారా కోత పెట్టడం సులభం. నిలకడైన ఆదాయం లేనివారి విషయంలో ఆదాయమెంతో తేల్చడమే ఒక పని, వసూలు చేయడం ఇంకో పని. దక్షిణ కొరియా 1977లో 500 మందికి పైగా పనిచేసే సంస్థలతో మొదలుపెట్టి, 1988లో గ్రామీణులను, 1989లో పట్టణాల్లో స్వయం ఉపాధి చేసుకునేవారిని చేర్చింది. అంటే పన్నెండేళ్లు పట్టింది. థాయిలాండ్ 2002లో మరో దారి పట్టి, ఉద్యోగుల పథకాల్లో లేనివారందరినీ పన్నుల డబ్బుతోనే చేర్చుకుంది. మొదట్లో రోగి దగ్గర ఒక్కో సందర్శనకు 30 బాట్లు మాత్రమే తీసుకునేవారు. పనిచేసేవారిలో ఎక్కువమంది అసంఘటిత రంగంలో ఉన్న దేశాలకు థాయిలాండ్ దారే మేలని మా అభిప్రాయం. కూలీల దగ్గర చిన్న మొత్తాలు రాబట్టడానికి పెట్టే సిబ్బంది, కాగితాల ఖర్చు వచ్చిన డబ్బులో పెద్ద భాగాన్ని తినేయగలదు.

ఇది చివరికి బీమా కంపెనీల జేబులు నింపడానికే కదా?

నియమాలు సరిగా రాయకపోతే అంతే అవుతుంది. చట్టమే కొనుగోలుదారులను తెచ్చి ఇస్తున్నప్పుడు అమ్మేవారు అందుకు తగిన షరతులకు లోబడి తీరాలి. ముందు నుంచీ ఉన్న జబ్బుల పేరుతో ఎవరినీ తిరస్కరించకూడదు, వారి దగ్గర ఎక్కువ వసూలు చేయకూడదు. స్విట్జర్లాండ్‌లో ప్రాథమిక బీమా మీద లాభం తీసుకోవడానికి వీల్లేదు. అమెరికాలో వ్యక్తిగత పాలసీల ప్రీమియంలో కనీసం 80 శాతం వైద్యానికీ, వైద్యం నాణ్యత పెంచడానికీ ఖర్చు చేయాలి, లేకపోతే తేడాను పాలసీదారులకు తిరిగి ఇవ్వాలి.

వీటితో పాటు బయటికి కనిపించని నియమం ఇంకొకటి కావాలి. జబ్బుపడినవారు ఎక్కువగా చేరిన కంపెనీకి, ఆరోగ్యవంతులు ఎక్కువగా చేరిన కంపెనీ నుంచి డబ్బు బదిలీ కావాలి. నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ రెండూ ఈ సర్దుబాటు చేస్తున్నాయి. అది లేకపోతే కంపెనీలు చట్టాన్ని మాటల్లో పాటిస్తూనే, మధుమేహం ఉన్నవారికి పాలసీ దొరకడం కష్టమయ్యేలా ఏదో ఒక మార్గం వెతుక్కుంటాయి.

పొగ తాగేవాళ్లూ నేనూ ఒకే ప్రీమియం కట్టాలా?

దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా చట్టం పొగాకు వాడేవారికి ప్రీమియం ఒకటిన్నర రెట్ల వరకు, పెద్ద వయసువారికి చిన్నవారి కంటే మూడు రెట్ల వరకు పెంచనిచ్చింది. కొన్ని రాష్ట్రాలు ఈ పెంపును అంతకంటే తక్కువకు పరిమితం చేశాయి. పొగ మాన్పించడానికి పొగాకు మీద పన్ను మెరుగైన సాధనమని మేం అనుకుంటున్నాం, ఎందుకంటే ప్రీమియం పెంచితే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ ఉన్నవారే బీమాకు దూరమవుతారు.

పాలసీలో ఏమేం ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు?

తప్పనిసరి చేసినవారే, అంటే ప్రభుత్వమే, కనీస జాబితా ప్రకటించాలి. జాబితా మరీ చిన్నదైతే పాలసీ ఉన్నా ఆపరేషన్ రోజున ఉపయోగపడదు. మరీ పెద్దదైతే ప్రీమియం ఎవరికీ అందదు. ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చే కాకుండా వైద్యుడి సంప్రదింపులు, మందులు, పరీక్షలు, ప్రసవం, మానసిక ఆరోగ్యం అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. బిల్లులో ఎంతవరకు మీరే భరించాలో కూడా చూడాలి. స్విట్జర్లాండ్‌లో పెద్దలు ఏడాదికి 300 నుంచి 2,500 ఫ్రాంకుల మధ్య ఎంచుకున్న మొత్తం దాకా సొంతంగా భరించాలి. ఎక్కువ మొత్తం ఎంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. చవక ప్రీమియం చూసి 2,500 ఎంచుకున్నవారు జబ్బుపడిన ఏడాదిలో ఆ డబ్బు చేతిలో ఉంచుకోవాలి.

## అమలు దగ్గర వచ్చే సందేహాలు

కట్టకపోతే ఏం చేస్తారు? జైలుకు పంపిస్తారా?

అమెరికా చట్టం ఈ జరిమానా కట్టనివారి మీద క్రిమినల్ కేసు పెట్టరాదని స్పష్టంగానే రాసింది. నెదర్లాండ్స్ పద్ధతి గమనించదగ్గది. బీమా లేదని తేలినవారికి ప్రభుత్వ సంస్థ ముందు ఉత్తరం రాసి మూడు నెలల గడువు ఇస్తుంది. అప్పటికీ తీసుకోకపోతే జరిమానా వేసి మరో మూడు నెలలు ఆగుతుంది. ఆ తర్వాత రెండో జరిమానా. అప్పటికీ కదలకపోతే ఆ సంస్థే అతని పేరు మీద పాలసీ తీసుకుని, ప్రీమియంను అతని ఆదాయం నుంచి మినహాయిస్తుంది. ఈ వరుస చివర మనిషి శిక్ష దగ్గర కాకుండా బీమా దగ్గర తేలతాడు. అమలు ఇలా ఉండాలన్నదే మా కోరిక.

జరిమానా తక్కువైతే దాన్నే కట్టేసి ఊరుకోవచ్చు కదా?

చాలామంది అదే చేశారు. అమెరికాలో 2014లో జరిమానా తలకు 95 డాలర్లు లేదా ఆదాయంలో 1 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. 2016 నాటికి అది 695 డాలర్లు లేదా 2.5 శాతానికి పెరిగింది. అప్పుడు కూడా చాలామందికి అది ఏడాది ప్రీమియం కంటే తక్కువే. అలాగని జరిమానాను ప్రీమియంతో సమానంగా పెంచడం కూడా సరికాదు, ఎందుకంటే దాన్ని కట్టినవాడి చేతికి ఏ రక్షణా రాదు. పాలసీ లేనివారిని నేరుగా ఒక పథకంలో చేర్చే ఏర్పాటు ఉంటే జరిమానా ఎంతన్న చర్చకే అంత ప్రాధాన్యం ఉండదు.

మత విశ్వాసం వల్ల బీమా వద్దనుకునేవాళ్లకు మినహాయింపు ఉంటుందా?

కొన్నిచోట్ల ఉంటుంది. అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ వర్గం వంటి సమాజాలకు మినహాయింపు ఇచ్చారు. వారు తమ సభ్యుల వైద్య ఖర్చును తామే కలిసి భరిస్తారు.

బీమా ఉంది కదా అని అందరూ చిన్న జలుబుకు కూడా ఆసుపత్రులకు ఎగబడరా?

వాడకం పెరిగే మాట నిజం. 1970లలో మొదలై 1982 దాకా అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ జరిపిన ప్రయోగంలో, ఉచితంగా వైద్యం దొరికినవారు ఎక్కువ వాటా సొంతంగా కట్టినవారి కంటే వైద్య సేవల మీద సుమారు 45 శాతం ఎక్కువ ఖర్చు చేశారు. అయితే అదే ప్రయోగంలో మరో విషయం కూడా బయటపడింది. జేబులోంచి కట్టవలసి వచ్చినవారు అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైన వైద్యాన్నీ మానుకున్నారు, రక్తపోటు ఉన్న పేదలకు దానివల్ల హాని జరిగింది. కాబట్టి రోగి వాటా పెట్టేటప్పుడు ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. నెదర్లాండ్స్‌లో పెద్దలు ఏడాదికి మొదటి 385 యూరోలు సొంతంగా భరించాలి, కానీ కుటుంబ వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి ఆ నియమం వర్తించదు. జబ్బు ముదరకముందే చూపించుకునే తలుపు తెరిచే ఉంచారు.

## ఫలితాల గురించి సందేహాలు

బీమా ఉంటే జనం ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా, లేక బిల్లులే తీరతాయా?

రెండింటికీ ఆధారాలున్నాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2008లో ప్రభుత్వ బీమాలో కొద్ది ఖాళీలను లాటరీ ద్వారా భర్తీ చేసింది. చేరినవారినీ, పేరు రానివారినీ రెండేళ్ల తర్వాత పోల్చి చూస్తే, బీమా దొరికినవారిలో వైద్యం కోసం అప్పులపాలయ్యే పరిస్థితి బాగా తగ్గింది, కుంగుబాటు తగ్గింది. రక్తపోటు, కొలెస్ట్రాల్ కొలతల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఆ తర్వాత మరో ఆధారం వచ్చింది. బీమా లేనందుకు జరిమానా కట్టిన కుటుంబాల్లో దాదాపు 39 లక్షల వాటికి అమెరికా పన్నుల శాఖ ఉత్తరాలు రాసింది. బీమా ఎలా తీసుకోవచ్చో చెప్పే మామూలు ఉత్తరాలు అవి. బడ్జెట్ చాలక కొన్ని కుటుంబాలను యాదృచ్ఛికంగా వదిలేశారు. ఉత్తరం అందినవారు ఎక్కువమంది బీమాలో చేరారు. 45 నుంచి 64 ఏళ్ల వయసువారిలో, ఉత్తరం అందిన ప్రతి 1,648 మందికి ఒక మరణం చొప్పున తగ్గిందని 2021లో ప్రచురితమైన అధ్యయనం లెక్క కట్టింది. చట్టం ఉందని చెప్పి ఊరుకోకుండా, ఎక్కడ చేరాలో మనిషికి అర్థమయ్యేలా చెప్పడం వల్ల ప్రాణాలు నిలిచాయి. ఇంతకంటే చవకైన ప్రజారోగ్య కార్యక్రమం దొరకడం అరుదు.

కార్డు చేతికిచ్చి, ఆసుపత్రిలో చేర్చుకోకపోతే?

అప్పుడు తప్పనిసరి చేయడానికి ప్రభుత్వానికి నైతికంగా హక్కు లేదు. అందుబాటు దూరంలో ఆసుపత్రి లేని ప్రాంతంలో, వైద్యులు లేని చోట, చెల్లింపులు ఆలస్యమవుతున్నాయని ఆసుపత్రులు కార్డును తిప్పి పంపే చోట ప్రీమియం వసూలు చేయడం పన్ను వేసి రోడ్డు వేయకపోవడం లాంటిది. చట్టంలోనే మూడు గడువులు రాసి ఉండాలని అడగండి: ఆసుపత్రికి కంపెనీ ఎన్ని రోజుల్లో డబ్బు చెల్లించాలి, క్లెయిము తిరస్కరిస్తే కారణాన్ని ఎన్ని రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ తిరస్కరణపై కంపెనీతో సంబంధం లేని అధికారి ఎన్ని రోజుల్లో తీర్పు చెప్పాలి. ప్రీమియం కట్టడానికి పౌరుడికి గడువు పెట్టి ఈ మూడింటినీ ఖాళీగా వదిలేసిన ముసాయిదాను వెనక్కి పంపవలసిందే.

ఒకసారి తప్పనిసరి చేసి తర్వాత తీసేస్తే ఏమవుతుంది?

అమెరికాలో అదే జరిగింది. 2017 డిసెంబరులో ఆమోదించిన పన్ను చట్టం 2019 నుంచి జరిమానాను సున్నా చేసింది. దానివల్ల 2027 నాటికి బీమా లేనివారు 1 కోటి 30 లక్షల మంది పెరుగుతారని అక్కడి చట్టసభ (కాంగ్రెస్) బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. జరిమానా పోయిన తొలి ఏళ్లలో అంత పెద్ద పతనం కనిపించలేదు, వ్యక్తిగత పాలసీల మార్కెట్ కూలిపోలేదు. కారణం సబ్సిడీలు. అర్హులైన కుటుంబాలు కట్టే ప్రీమియం వాటా ఆదాయంలో ఒక నిర్ణీత శాతానికి పరిమితమై ఉండటంతో, పాలసీల ధర పెరిగినా ఆ పెంపును ప్రభుత్వమే భరించింది. సబ్సిడీ అందని వారిని మాత్రం అధిక ధరలు బాధించాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో నిబంధనను నిలబెట్టుకున్నాయి. సబ్సిడీ గట్టిగా ఉన్నచోట జరిమానా లేకపోయినా చాలామంది చేరతారని ఈ అనుభవం చూపింది. సబ్సిడీ తీసేసి జరిమానా ఒక్కదానితో బీమాను నిలబెట్టాలని చూసే ప్రభుత్వానికి ఇందులో ఏ ఊరటా లేదు.